సంవత్సరమునకు రెండంకెలు చాలునా?

అహోబిలమున ఒక వృద్ధుడు "నేను యువ నామ సంవత్సరమున పుట్టితిని" అని చెప్పెననుకొందము. ప్రభవాది సంవత్సరములు అరువది. అరువదేండ్ల కొకమారు అవే పేర్లు మరల వచ్చును. యువ 1935లో వచ్చినది, 1995లోను వచ్చినది. అయినను నెరసిన తలను చూచిన పిమ్మట మనకు సందేహము కలుగదు. మాటలో లేనిదానిని కన్ను పూరించును.

శాసనమును చదువువానికి ఆ సాయము లేదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా కాలమున అహోబిల నరసింహుని సేవించినది 1515 నాటి యువ సంవత్సరమున. పేరొక్కటే చెక్కినచో అది 1455 నాటిదో, 1575 నాటిదో అని తగవు పుట్టును. అందుచేతనే మన పూర్వులు శాసనములందు సాధారణముగా శకసంఖ్యను, సంవత్సరనామమును రెంటిని వ్రాయించిరి. గతశకము 1437కు 78 కలిపిన 1515 అగును; నామము దానికి సాక్షి.

కంప్యూటరులో చోటు మిక్కిలి ఖరీదైన దినములలో 1935ను 35 అని పొదుపుగా వ్రాసిరి. 2000 సంవత్సరము సమీపించుసరికి ఆ పొదుపు లోకమంతటికి చిక్కు తెచ్చినది. దానిని సవరించుటలో తెలుగు ఇంజనీర్లు పలువురు పాల్గొనిరి. కాని కాగితములపై రెండంకెలు నేటికిని పోలేదు. వానిని చదువుటకు ప్రోగ్రాములు తలకొక హద్దు పెట్టుకొన్నవి. పోసిక్స్ నియమమున 69 మొదలు 99 వరకు 1900లు, 00 మొదలు 68 వరకు 2000లు. ఎక్సెల్ బహుకాలము అనుసరించిన హద్దు 30. కావున మన వృద్ధుని 35 ఒకచోట 1935, మరొకచోట 2035! ఇంకను పుట్టని వానికి వృద్ధాప్యపు పింఛను ఎట్లు వచ్చును?

తేదీ దేనికి సంబంధించినదో ప్రోగ్రాము ముందుగా గ్రహింపవలెను. జన్మదినము రాబోవు కాలమున ఉండదు. నేడు తీసుకొన్న అప్పునకు గడువు గతకాలమున ఉండదు. ఇంతమాత్రమున సందేహములన్నియు తీరవు. 15లో పుట్టినవాడు 1915 నాటి శతాధిక వృద్ధుడో, 2015 నాటి బాలుడో యంత్రమునకు కనబడదు. అట్టిచోట ఊహించుట మాని ఆ మనుష్యునే అడుగవలెను. వ్రాసియిచ్చిన అంకెలను అట్లే ఉంచి, నిశ్చయించిన నాలుగంకెలను ప్రక్కన చేర్చవలెను.

రాతిపై ఉలితో చెక్కినవారే పూర్తి సంవత్సరము వ్రాసిరి. మరి రెండు మీటలు నొక్కుటకు మనకేమి శ్రమ?