కాలిబాట ఎవరిది?

మండల కేంద్రానికో, జిల్లా ఆసుపత్రికో వెళ్లినప్పుడు మనమందరం చూసే దృశ్యమే ఇది. రోడ్డు ప్రక్కన నడిచేవారి కోసం పలకలు పరచిన కాలిబాట ఉంటుంది. దానిమీద మోటారు సైకిళ్లు, కార్లు వరుసగా నిలిపి ఉంటాయి. చేతికర్రతో వచ్చిన వృద్ధుడు, చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లి రోడ్డు మీదికి దిగి లారీల ప్రక్కన నడవవలసి వస్తుంది. "రెండు నిమిషాలే గదా" అనుకొంటాడు బండి నిలిపినవాడు. ఆ రెండు నిమిషాలలోనే ఒక ప్రాణం పోవచ్చును.

ఈ బాధ మనకు మాత్రమే కాదు. బ్రిటన్‌లోని పురపాలక సంఘాలు (వాటిని అక్కడ కౌన్సిళ్లు అంటారు) ఎన్నో ఏళ్లుగా దీనితో పెనుగులాడుతున్నాయి. మన పిల్లలు అనేకులు చదువులకు, ఉద్యోగాలకు అక్కడికి వెళ్లుచున్నారు గనుక ఈ సంగతి మనమూ తెలిసికొనడం మంచిది.

అక్కడి పాత వీధులు కార్లు పుట్టకముందు కట్టినవి. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి, వీధి ఇరుకు. రెండు వైపులా కార్లు నిలిపితే అగ్నిమాపక వాహనం దూరదు. అందుచేత చాలామంది రెండు చక్రాలను కాలిబాట మీదికి ఎక్కించి నిలుపుతారు. వాహనాలకు దారి ఇచ్చామనే వారి ఉద్దేశం. కాని ఆ మేలు చేసేది నడిచేవారి సొమ్ముతో! చక్రాల కుర్చీలో వెళ్లేవారికి దారి మూసుకుపోతుంది. కర్రతో తడుముకొంటూ నడిచే అంధుడు కారుకు తగులుకొంటాడు. మనుషుల బరువుకు పరచిన పలకలు కారు బరువుకు పగులుతాయి. ఆ బాగుచేత ఖర్చు మళ్లీ ఊరి ప్రజలదే.

లండన్ నగరానికి 1974లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. అక్కడ కాలిబాట మీద వాహనం నిలపడమే తప్పు. ఎక్కడైనా అనుమతించాలంటే కౌన్సిల్ నిర్ణయించి బోర్డు పెట్టాలి. లండన్ వెలుపలి ఇంగ్లండులో చాలా ఏళ్లు ఇందుకు తలక్రిందులుగా నడిచింది. కౌన్సిల్ వీధి వీధికీ వేరుగా ఉత్తరువు తెచ్చి, బోర్డులు నాటితే గాని నిషేధం లేదు. కాలిబాట మీద బండి నడపడం నేరమని 1835 నాటి చట్టమే చెప్పుచున్నది. అయితే నిలిపి ఉన్న బండిని అందరూ చూస్తారు గాని, అది ఎక్కుతుండగా చూసిన సాక్షి దొరకడు.

స్కాట్లండు వేరొక మార్గం పట్టింది. 2019లో చట్టం చేసి, 2023 డిసెంబరు 11 నుండి దానిని అమలుచేసే అధికారం కౌన్సిళ్లకు ఇచ్చింది. ఒక్క చక్రం కాలిబాట మీద ఉన్నా తప్పే. జరిమానా 100 పౌండ్లు. 14 రోజులలో చెల్లిస్తే 50. సరుకు దింపే బండ్లకు వేరే మార్గం లేనప్పుడు 20 నిమిషాల వరకు సడలింపు ఉంది. అప్పుడు కూడ నడిచేవారికి మీటరున్నర వెడల్పు విడిచిపెట్టాలి. మరీ ఇరుకైన వీధులను పరిశీలించి కౌన్సిల్ మినహాయింపు ఇవ్వవచ్చును. ఎడింబరో నగరం మాత్రం ఏ వీధికీ మినహాయింపు ఇవ్వకుండా 2024 జనవరి 29న జరిమానాలు ప్రారంభించింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటున్నది. జరిమానా ఒక్కటే చాలదు. బండి ఎక్కడ పెట్టుకోవాలో చూపించాలి, ముందుగా చెప్పాలి, అందరికీ ఒకే నియమం ఉండాలి. లేకపోతే అది మూణ్ణాళ్ల ముచ్చటే.

మన దేశంలోనూ నియమం లేకపోలేదు. కాలిబాట మీద వాహనం నిలపరాదని 2017 నాటి వాహన చోదక నిబంధనలు చెప్పుచున్నవి. అడ్డులేని కాలిబాట పొందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు పేర్కొన్నది. అంటే ఆ బాట దయతో విడిచిపెట్టే చోటు కాదు, నడిచేవాని హక్కు.

ప్రియ పాఠకులారా, మన పల్లెలలో చాలాచోట్ల కాలిబాటలే లేవు. కాని రోడ్డు అంచు ఉంది. దాని మీద ట్రాక్టరు నిలిపేది మనమే, ధాన్యం ఆరబోసేది మనమే. ఆదివారం మందిరం ముందు బండ్లు అడ్డదిడ్డంగా పెట్టేదీ మనమే. ఆ దారినే బడిపిల్లలు నడుస్తారు. కౌన్సిలు వచ్చి జరిమానా వేసేవరకు ఆగనక్కరలేదు. ఈసారి బండి నిలిపిన తరువాత ఒక్కసారి వెనుకకు తిరిగి చూద్దాం: మన వెనుక కర్రతో వచ్చే పెద్దాయనకు దారి మిగిలిందా?