ఒకే కడలి, రెండు దరులు: ఫిన్లాండు, ఎస్టోనియా

ఒక దేశప్రజల జీవనము మేలుగా నున్నదని చెప్పుటకు కొలమానమేది? ఆదాయమా, ఆయుర్దాయమా, విద్యయా, నిశ్చింతతయా? దీనికి సిద్ధాంతములతో సమాధానము చెప్పుటకంటె, ఇరుగుపొరుగు దేశములు రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచుట మేలని మా అభిప్రాయము. అందుకు ఐరోపాకు ఉత్తరపు కొననున్న ఫిన్లాండును, ఎస్టోనియాను ఎన్నుకొనుచున్నాము.

బాల్టిక్ సముద్రపు సింధుశాఖ యొకటి ఈ రెండు దేశములను వేరుచేయుచున్నది. హెల్సింకీ, టాలిన్ రాజధానుల నడుమ దూరము సుమారు 80 కిలోమీటర్లు. ఓడపై రెండు గంటల ప్రయాణము. ఫిన్లాండు జనాభా సుమారు 56 లక్షలు. ఎస్టోనియా జనాభా 13 లక్షలకు మించినది. మన తెలుగు కన్నడముల వలె వారి భాషలును అక్కచెల్లెండ్రు. రెండును రష్యా చక్రవర్తుల యేలుబడి నుండి విడివడినవే: ఫిన్లాండు 1917 డిసెంబరులో, ఎస్టోనియా 1918 ఫిబ్రవరిలో స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. 1930ల నాటికి ఇరుదరుల బ్రతుకుతీరు ఇంచుమించు సమానమే.

పిమ్మట దారులు వేరైనవి. 1939-40 శీతకాలయుద్ధమున ఫిన్లాండు కరేలియాలో పెద్దభాగమును కోల్పోయినను, స్వాతంత్ర్యమును నిలుపుకొనెను. ఎస్టోనియాను 1940లో సోవియట్ యూనియన్ తనలో కలుపుకొనెను. 1949 మార్చిలో కొలది దినములలోనే 20,000 మందికి పైగా ఎస్టోనియనులను సైబీరియాకు తరలించిరి. వారిలో అధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు.

ఆ కాలముననే ఫిన్లాండు తన సంక్షేమవ్యవస్థకు పునాదులు వేయుచుండెను. అందొక ఏర్పాటు మా దృష్టికి మిక్కిలి గమనింపదగినది. కాన్పు కానున్న తల్లికి ప్రభుత్వము శిశువస్త్రములు, పక్కబట్టలు గల పెట్టె నొకదానిని ఉచితముగ నిచ్చును. 1938లో పేదతల్లులకై ఆరంభమైన ఈ కానుక 1949 నుండి తల్లులందరికిని లభించుచున్నది. అయితే నాలుగవ నెల నిండకమునుపే గర్భిణి వైద్యపరీక్షకు పోవలెనను నియమము కలదు. కానుకకై వచ్చిన తల్లి వైద్యుని కంటబడును; రోగమేమైన నున్నచో ముందుగనే తెలియును. పెట్టె ఖాళీయైన పిదప అదియే ఎందరో శిశువులకు తొలిపడక యయ్యెను. పాఠశాలలో ఉచిత భోజనమునకు 1943లో చట్టము చేసి, 1948 నాటికి దేశమంతట అమలుపరచిరి.

సరిహద్దులు మనుష్యులను ఆపగలవు గాని ప్రసారతరంగములను ఆపజాలవు. టాలిన్ వాసులు ఫిన్లాండు రేడియోను వినిరి; పిమ్మట టెలివిజనును చూచిరి. సోదరభాష యగుటచే త్వరలోనే గ్రహింపనేర్చిరి. ఆవలిదరి దుకాణములలోని సరకులను, ఇండ్లను, వార్తలను చూచి తమ బ్రతుకుతో పోల్చుకొనిరి. మేమిప్పుడు చేయుచున్న పోలికను వారు పలు సంవత్సరములు తమ ఇండ్లలోనే చేసియుండిరి.

1991 ఆగస్టులో ఎస్టోనియాకు స్వాతంత్ర్యము తిరిగి లభించెను. 1992 జూనులో సొంత నాణెమైన క్రూనును ప్రవేశపెట్టి, 8 క్రూనులకు ఒక జర్మను మార్కుగా విలువ స్థిరపరచిరి. ఆ మార్పు సుకరముగ సాగలేదు. 1990ల నడుమ పురుషుల సగటు ఆయుర్దాయము 61 ఏండ్లకు పడిపోయెను. అట్టి దినములలోనే, 1996లో, పాఠశాలలకు కంప్యూటర్లను, ఇంటర్నెట్టును సమకూర్చు పథకమును చేపట్టిరి. నేడు పన్నుల లెక్కలు, వైద్యుల మందుచీటీలు, కడకు ఓటుకూడ కంప్యూటరు ద్వారా సాగుచున్నవి. 15 ఏండ్ల విద్యార్థులకు 2022లో జరిగిన అంతర్జాతీయ పరీక్షయందు, గణితమున ఐరోపాలో ఎస్టోనియాయే ముందు నిలిచెను. ఒకప్పుడు విద్యకు పేరొందిన ఫిన్లాండు అందు వెనుకబడెను.

ఆదాయము సంగతి చూతము. ధరల తేడాలను సరిచేసి లెక్కించినచో, 1990ల నడుమ ఎస్టోనియా తలసరి ఉత్పత్తి ఐరోపా సమాఖ్య సగటులో మూడవవంతుకు కొంచె మెక్కువ. నేడది అయిదింట నాలుగు పాళ్లకు చేరినది. ఫిన్లాండుది సగటునకు కొలదిగా పైన నున్నది. ఆయుర్దాయము ఎస్టోనియాలో దాదాపు 79 ఏండ్లు, ఫిన్లాండులో 82కు చేరువ.

అయినను ఒక అంతరము మిగిలియున్నది. ఎస్టోనియా పన్నులు తక్కువగ, సరళముగ నుంచినది. వృద్ధుల పింఛనులును తక్కువయే. ఒంటరిగ బ్రతుకు వృద్ధులలో పేదరిక మచట ఎక్కువ. ఫిన్లాండు ప్రజలు పన్నుల భారమును మోయుచున్నారు. ప్రతిగా రోగమునందు, నిరుద్యోగమునందు, వార్ధక్యమునందు ఆదరువును పొందుచున్నారు. తమ జీవితమునకు పదింట ఎన్ని మార్కులిత్తురని ప్రజలనే అడిగి వరుస నిర్ణయించు ప్రపంచ ఆనంద నివేదికలో, 2018 నుండి 2025 వరకు ఏటేట ఫిన్లాండే ప్రథమస్థానమున నుండెను. అట్లని రాకపోకలు ఒకవైపే లేవు: ఎస్టోనియనులు కూలికై ఉత్తరమునకు పోవుచుండ, ఫిన్లాండువారు చవుకకై దక్షిణమునకు వచ్చుచున్నారు.

ఎస్టోనియా ఒక తరములోనే ఆదాయమును పెంచుకొనగలిగెను. ఆపదలో ఆదుకొను ఏర్పాట్లకు ఫిన్లాండునకు అంతకంటె ఎక్కువ కాలము పట్టెను. దానికై పన్ను చెల్లించు సమ్మతియు కావలసివచ్చెను. కావున ఏ దేశపు ఆదాయపు లెక్క విన్నను, అచట పసిబిడ్డకు ఏమి లభించుచున్నదో, ఒంటరి వృద్ధురాలు చలికాలము నెట్లు గడపుచున్నదో కూడ విచారింపవలెనని శ్రోతలకు మా మనవి.