పాటీ అలవాటు: వయసు కాదు, గుర్తులు చూడండి

'మా కాలంలో ఏడాదికే నేర్పేవాళ్లం' అని నానీలు, దాదీలు అంటుంటారు. దాంతో కొత్త అమ్మీలకు కంగారు. నిజానికి ఎక్కువమంది పిల్లలు 18 నెలల నుంచి 3 ఏళ్ల మధ్య ఇందుకు సిద్ధమవుతారు.

గుర్తులు ఇవీ: డైపర్ 2 గంటలపాటు పొడిగా ఉంటుంది. వచ్చేటప్పుడు మూలకెళ్లి నక్కుతారు. తడిస్తే చిరాకు పడతారు. చిన్న చిన్న మాటలు చెబితే అర్థం చేసుకుంటారు.

తిన్నాక పేగుల్లో కదలిక పెరుగుతుంది. అందుకే అన్నం తిన్న కాసేపటికి పాటీ మీద 5 నిమిషాలు కూర్చోబెట్టండి. పాదాలు నేలకో, చిన్న పీటకో ఆనాలి. రాకపోతే లేపేయండి, బలవంతం వద్దు. ఆడపిల్లలకైతే ముందు నుంచి వెనక్కి కడగాలి.

జానమాజ్ మీద పోసేశారని కొట్టినా, అరిచినా పిల్లలు భయపడి ఆపుకోవడం మొదలుపెడతారు. ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, వెళ్లేటప్పుడు నొప్పెడుతుంది. ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటారు. మలబద్ధకం ఇలాగే ముదురుతుంది. గట్టిగా వస్తున్నా, రక్తం కనిపించినా డాక్టర్‌కు చూపించండి.

రాత్రిళ్లు పక్క తడపడం 5 ఏళ్ల వరకూ మామూలే. జానమాజ్ ఉతికితే పాక్ అవుతుంది. పిల్లల్లో భయం అంత సులువుగా పోదు.