ఊపిరికి త్రోవ చూపు విద్య

శస్త్రచికిత్స యనగానే మన మనస్సు కత్తివైపునకే పోవును. కోయువారెవరు, వారి హస్తవాసి యెట్టిది యని పలువిధముల విచారింతుము. రోగి తలవైపున నిలిచి మత్తునిచ్చు వైద్యుని గూర్చి యడుగువారు మాత్రము మిక్కిలి యరుదు. కాని కత్తి పనిచేయునంతసేపును మన యూపిరి యా రెండవవారి చేతిలోనే యుండును.

మత్తు గాఢమైనపుడు కండరములు సడలును. నాలుక వెనుకకు వాలి గొంతును మూయును. కండరములను సడలించు మందును గూడ నిచ్చినచో శ్వాస తానై యాడనే యాడదు. అప్పుడు వైద్యుడు గడ్డమును పైకెత్తి, ముక్కునోళ్లపై మాస్కు నదిమిపట్టి, సంచిని నొక్కుచు ప్రాణవాయువును పంపవలెను. లేదా నోటిగుండ, స్వరతంత్రుల నడుమ నుండి, శ్వాసనాళములోనికి గొట్టమును దింపవలెను. ప్రాణవాయు వందనిచో మెదడు కొలది నిమిషములలోనే చెడును. ఇంతటి విద్యను క్రొత్తవారి కెట్లు నేర్పవలయును? వారు మొదట నెవరి దేహముపై నేర్చుకొనవలయును? ఈ ప్రశ్న వైద్యులకే కాక మనకును సంబంధించినదే.

హైదరాబాదునకు నీ విద్యతో బహుకాలపు సంబంధము కలదు. 1888, 1889 సంవత్సరములలో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయముతో నిచట రెండు క్లోరోఫారము పరిశోధనసంఘములు పనిచేసినవి. వానికి మూలపురుషుడు హైదరాబాదు వైద్యపాఠశాలాధికారియైన ఎడ్వర్డు లారీ. నాడిని పట్టుకొని కూర్చుండక, రోగి యూపిరినే కనిపెట్టి యుండవలెనని యాయన తన శిష్యుల కుపదేశించెను. ఆ శిష్యులలో రూపాబాయి ఫర్దూన్జీ యొకర్తుక. మత్తువైద్యమును వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో నామెను లోకము లెక్కించుచున్నది. 1909లో నామె యెడింబరోకు పోయి మఱింత విద్య నార్జించెను. అయితే క్లోరోఫారము గుండెను గూడ హఠాత్తుగా నిలుపగలదని 1911లో లెవీ యను పరిశోధకుడు ఋజువు చేసెను. ఊపిరిని చూడుమన్న గురువాక్యము మేలైనదే. గుండెను విడువుమన్నది పొరపాటు. గురువు చెప్పినదైనను పరీక్షకు నిలువవలయునని దీనివలన తేలుచున్నది.

ఇక నేటి సంగతి. జూబిలీ హిల్సు కొండలలో, ఫిలిం నగరును చేరి, 1988 నుండి అపోలో వైద్యశాల నడచుచున్నది. ఆ ప్రాంగణముననే వైద్యకళాశాలయు నున్నది. ఆ చుట్టుపట్ల చలనచిత్రములు తీయువారు కొట్లాట దృశ్యమును ముందుగా పరుపులపై పలుమాఱు లభ్యసించి పిదప కెమెరా ముందు నిలుతురు. అక్కడను తప్పినచో మరల టేకు తీసికొందురు. వైద్యశాలలో రెండవ టేకు లేదు. కావుననే శిక్షణపద్ధతులను పోల్చి చూడవలసిన యవసర మేర్పడినది.

మొదటిది గురుసన్నిధి పద్ధతి. శిష్యుడు కొన్నాళ్లు చూచి, పిదప గురువు ప్రక్కన నుండగా నిజమైన రోగికే గొట్టము వేయును. సజీవదేహపు మెత్తదనము, నోటి తేమ, తన గుండెదడ యన్నియు నతనికి బోధపడును. కాని యొక చిక్కు కలదు. 1943లో మాకింటోషు రూపొందించిన వంపు అలుగుగల లారింగోస్కోపుతో చూచునపుడు, గొంతులోని దృశ్యము చూచువాని కొక్కనికే కనబడును. గురువు ప్రక్కన నుండియు గ్రుడ్డివాడే. 1998లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, శిష్యులు నూటికి తొంబది మాఱులు కృతార్థులగుటకు సగటున 57 ప్రయత్నములు పట్టినవని తేలెను. ఈలోపలి తప్పటడుగులు ఎవరి గొంతులోనో పడవలసినవే కదా!

రెండవది బొమ్మ పద్ధతి. ఇది పాశ్చాత్యుల క్రొత్త కల్పన యని యనుకొనవలదు. సుశ్రుతసంహిత సూత్రస్థానములో దీనికై యొక యధ్యాయమే కలదు. గుమ్మడి, సొర మున్నగు కాయలపై కోతను, తామరతూండ్లపై పొడుచుటను, మనుష్యాకృతి బొమ్మపై కట్లు కట్టుటను శిష్యులచే నభ్యసింపజేయుమని సుశ్రుతుడు విధించెను. ఎంత చదివినను చేతిసాధన లేనివాడు చికిత్స కనర్హుడని యాయన తీర్పు. ఈ కాలమున 1960లో నార్వే దేశపు బొమ్మల వ్యాపారి లార్డాల్, ఊపిరి పోయుట నేర్పు నిలువెత్తు బొమ్మను వెలువరించెను. బొమ్మకు నొప్పి లేదు. నూఱు మాఱులు తప్పినను ప్రాణభయము లేదు. అయినను రబ్బరు మెడ బిరుసైనది. చొంగ కాఱదు, నెత్తు రుబుకదు. ప్రతిదినము నదే దవడ. దానిపై బలము చూప నలవడినవాడు మన పండ్లపై మోపి పైకెత్తబోవు ప్రమాదము కలదు.

మూడవది కెమెరా పద్ధతి. కెనడా దేశపు వైద్యుడు పేసీ కల్పించిన కెమెరా లారింగోస్కోపు 2001లో బయలువెడలెను. గొంతులోని దృశ్యము తెరపై పడును గాన గురుశిష్యు లిరువురు నొక్కటే చూతురు. గురువు వెంటనే దిద్దగలడు. ఐనను తెరపై చక్కగా కనబడినంత మాత్రాన గొట్టము లోనికి దిగునను నమ్మకము లేదు. నెత్తురో యావిరియో కటకమును కప్పినచో తెర మసకబాఱును. తెర నొక్కదానినే నమ్మి నేర్చినవాడు అప్పుడు నిస్సహాయుడగును.

నాలుగవది ముందుచూపు నేర్పు పద్ధతి. ఇందు మన తెలుగువారి పేరు లోకప్రసిద్ధము. గుంటూరు వైద్యకళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టను నగరమున పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావుగారు, రోగి కూర్చుండి నోరు తెఱచి నాలుక చాపినపుడు కొండనాలుక యెంతవఱకు కనబడునో గమనించిరి. అది మఱుగుపడిన కొలది గొట్టము వేయుట కష్టమని 210 మంది రోగులపై పరీక్షించి 1985లో ప్రకటించిరి. వారి మూడు తరగతులకు 1987లో నాలుగవది చేర్చబడెను. నేడు దేశదేశములలో విద్యార్థులు మల్లంపాటి తరగతి యని పలుకుచున్నారు. కాని యిదియు నొంటరిగా చాలదు. మెడ వంగుట, గడ్డము పొడవు, నోరు తెఱచుకొను వెడల్పు గూడ చూడవలెను.

ఐదవది కూటమి యభ్యాసము. 2005లో ఇంగ్లండులో ఎలైన్ బ్రోమిలీ యను నిద్దఱు బిడ్డల తల్లి ముక్కునకు చిన్న చికిత్సకై వెళ్లెను. మత్తు పిదప నూపిరికి త్రోవ దొరకలేదు. అనుభవజ్ఞులైన వైద్యులే గొట్టము వేయుటయందే మనసు లగ్నము చేసి కాలమును మఱచిరి. గొంతు కోసి త్రోవ చేయు పరికరములను నర్సు తెచ్చియుంచినను ఆ మాట ముందునకు సాగలేదు. ఆమె మరల కన్ను తెఱవక కొలది దినములకు గతించెను. ఆమె భర్త మార్టిన్ విమానచోదకుడు. విమానములలో చిన్నవారును పెద్దవారిని హెచ్చరించునట్లు శిక్షణ నిత్తురనియు, వైద్యశాలలకు నదియే కావలెననియు నాయన ప్రచారము చేసి, 2007లో నందులకై యొక సంఘమును స్థాపించెను. ఇప్పుడు బొమ్మ చుట్టును వైద్యులు, నర్సులు కలిసి యాపద నభినయించి యభ్యసించుచున్నారు. 2016లో మన దేశపు వైద్యసంఘము ప్రకటించిన నియమములును, ప్రయత్నములను మితము చేసి, వెంటనే తోడు పిలువవలెనని చెప్పుచున్నవి.

వీనిలో నేది మేలు? చేతిని బొమ్మ నేర్పును. కంటిని కెమెరా నేర్పును. వివేకమును గురువు నేర్పును. నోరు విప్పి మాటాడు ధైర్యమును కూటమి నేర్పును. ఒక్కటి మఱొకదానికి బదులు కానేరదు. బొమ్మను దాటక రోగిని ముట్టరాదు. గురువు లేక రోగిని విడువరాదు. గొట్టము వేయుటకంటె ప్రాణవాయు వందించుటయే ముఖ్యమని, చేతకానపు డాగి తోడు పిలుచుటయు విద్యయే యని యెఱిగినవాడే నేర్చినవాడు.

మన వంతును గలదు. కదలుపండ్లు, కట్టుడుపండ్లు, నిదురలో గుఱక, మునుపటి చికిత్సలో కలిగిన చిక్కు, ఇవి దాచక చెప్పవలెను. ఉపవాసముండుమన్నపుడు గ్రుక్కెడు కాఫీ త్రాగియున్నను సిగ్గుపడక చెప్పవలెను. కడుపులోనిది యూపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము. శిష్యులు చేయుదురన్నచో, ప్రక్కన గురువుండునా యని మర్యాదగా నడుగుట మన హక్కు. ఉండునన్నచో వారిని కాదనవలదు. నేడు మన పొరుగింటి పిల్ల యా బొమ్మ ముందు నిలిచి నేర్చుకొనుచుండవచ్చును. రేపు మన తలవైపున నిలుచునది యామెయే కావచ్చును.