ఒకే ఉద్యోగం, ఒకే జీతం.. భర్తకు రూ.7,500 పెన్షన్, భార్యకు సున్నా! తేడా ఎక్కడొచ్చింది?

ఇద్దరూ 25 ఏళ్లకే ఉద్యోగంలో చేరారు. ఒకే కంపెనీ, ఒకే జీతం. కానీ 58 ఏళ్లు వచ్చేసరికి ఆయనకు నెలకు 7,500 రూపాయల పెన్షన్. ఆవిడకు ఒక్క రూపాయి కూడా రాదు. ఎవరూ మోసం చేయలేదు, రూల్ ఇద్దరికీ ఒకటే. మరి ఏం జరిగింది?

ముందు రూల్ చూద్దాం. పీఎఫ్ ఉన్న ఉద్యోగులకు ఈపీఎస్-95 అనే పెన్షన్ పథకం ఉంది. నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీస్ ఉండాలి. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీస్ ఏళ్లతో గుణించి, 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబర్‌లో ఈ లెక్కకు జీతం పరిమితిని 15,000 రూపాయలు చేశారు. 20 ఏళ్లు పూర్తి చేసినవాళ్లకు రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు.

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుందాం. జీతం 15,000 అనుకుందాం. ఆయన ఎక్కడా ఆగకుండా 33 ఏళ్లు పనిచేశారు. బోనస్‌తో 35. అంటే 7,500.

ఆవిడ ఆరేళ్లు చేసి, బాబు పుట్టాక 31 ఏళ్లకు మానేశారు. ఇంటి ఖర్చులకు పనికొస్తాయని పీఎఫ్‌తో పాటు పెన్షన్ సొమ్మూ డ్రా చేసేశారు. బాబు బడికి వెళ్లాక 38 ఏళ్లకు మళ్లీ చేరి, ఎనిమిదేళ్లు చేశారు. ఈలోగా అత్తగారు మంచాన పడ్డారు. మళ్లీ ఇంటికే. మొత్తం 14 ఏళ్లు పనిచేసినా, డ్రా చేసిన ఆరేళ్లు లెక్కలోకి రావు. మిగిలింది ఎనిమిదే. 10 నిండలేదు కాబట్టి పెన్షన్ లేదు!

అసలు ఆవిడే ఎందుకు మానేయాలి? 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే పెడుతున్నారు. ఇంటి పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. (అదీ చేసేవాళ్ల లెక్క. చేయనివాళ్లు ఇందులో లేరు.) 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచారు, మంచిదే. కానీ 27వ వారం బిడ్డను ఎవరు చూస్తారు? అమ్మమ్మ దగ్గర్లో ఉంటే సరే. లేకపోతే రాజీనామానే.

అమెరికా ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ వచ్చింది ఇలాంటి లెక్కలకే. ఒకే వృత్తిలో ఉన్న ఆడ, మగ ఆదాయాల మధ్య తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతుందని ఆమె చూపించారు.

'ఆయన పెన్షన్ ఉందిగా' అంటారు మన ఇళ్లలో. పెన్షన్ తీసుకుంటూ భర్త చనిపోతే, భార్యకు వచ్చేది అందులో సగమే. ఇక పొలం పనికో, ఇళ్లల్లో పనికో వెళ్లేవాళ్లకైతే పీఎఫ్ అన్న మాటే ఉండదు.

మానేయక తప్పకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. 10 ఏళ్లు నిండకుండా బయటికొచ్చేవాళ్లు ఫారం 10సీలో పెన్షన్ డబ్బు అడగొచ్చు, లేదా స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. సర్టిఫికెట్ తీసుకుంటే పాత సర్వీస్ అలాగే ఉంటుంది. మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు దానికి కలుస్తుంది. పైన చెప్పిన ఆవిడ అదే చేసి ఉంటే 14 ఏళ్లూ లెక్కకొచ్చి, 58 ఏళ్ల నుంచి నెలకు 3,000 అందేది.