వెబ్‌సైటు: సొంతిల్లా? అద్దెకొంపా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వారే ఈ కాలంలో వుండి వుంటే "వెబ్‌సైటు పెట్టి చూడు" అని మూడోమాట కూడా చేర్చేవారు. మొదటి రెండింటికీ డబ్బు కావాలి. మూడోదానికి డబ్బుకంటె ముందుచూపు ముఖ్యం.

మా వీధిలో ఒక పెద్దమనిషి వున్నారు. తల్లిగారు పాడుతూండిన పెళ్ళిపాటలూ, మంగళహారతులూ రెండు నోటుపుస్తకాలనిండా రాసి దాచుకున్నారు. "మేష్టారూ, ఇవి నాతో పోకూడదండీ. ఇంట్లో కంప్యూటరుంది. మనవడి ధర్మమా అని తెలుగు టైపు చెయ్యడం వచ్చింది. నాలాంటి కొత్తవాడికి ఏ సాఫ్ట్‌వేరు సులువు?" అని అడిగారు. "సులువు సంగతి తరవాత. రేపు మీ పాటలు మీకు తిరిగి దక్కేది ఎందులోనో ముందు చూడండి" అన్నాను.

ఎందుకంటారా? అమెరికాలో 1994లో మొదలై, జియోసిటీస్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన సంస్థ ఒకటుండేది. ఎవరైనా సరే ఉచితంగా అక్కడ తమ పేజీలు పెట్టుకోవచ్చు. లక్షలమంది పెట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొన్నది. 2009 అక్టోబరులో మూసేసింది. ఔత్సాహికులు కొందరు పూనుకొని చాలా పేజీలకు నకళ్ళు తీశారు కాని, అందనివి అందకుండానే పోయాయి.

ఇందుకు భిన్నమైన కథ ఫ్రంట్‌పేజిది. మైక్రోసాఫ్ట్‌వారి యీ సాఫ్ట్‌వేరుతో ఒకప్పుడు ఎందరో ఇంట్లోనే పేజీలు కట్టడం నేర్చుకున్నారు. 2003 నాటి కూర్పే దానికి చివరిది. అయితేనేం? దానితో తయారుచేసిన మామూలు పేజీ మీ కంప్యూటరులో వుంటే ఈనాటికీ తెరుచుకుంటుంది. పనిముట్టు పోయినా పని మిగిలింది. కారణం, ఆ పేజీ హెచ్.టి.ఎమ్.ఎల్. అనే అందరి భాషలో వుండడమే. టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయంలో తొలి వెబ్‌సైటు పెట్టింది ఆ భాషలోనే. దాని 1992 నాటి నకలును నేటి బ్రౌజరులోనూ చదువుకోవచ్చు.

ఇప్పుడు కొత్తవారి ముందున్నవి మూడు దారులు. మొదటిది విక్స్‌లాంటి సేవలు. బొమ్మను ఇక్కణ్ణించి అక్కడికి లాగితే చాలు, పేజీ తయారు. అందం, సౌకర్యం అన్నీ వున్నాయి. కాని అక్కడ కట్టినదాన్ని యథాతథంగా పెకలించి మరోచోట నిలబెట్టడం కుదరదు. అది అద్దె ఇల్లు. రెండోది 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్. నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి గాని, రాసిన వ్యాసాలన్నీ మూటగట్టుకొని బయటికి తెచ్చుకోవచ్చు. మూడోది పబ్లీలాంటి ఉచిత సాఫ్ట్‌వేరు. ఇది మీ ఇంటి కంప్యూటరులోనే పనిచేస్తుంది. అసలు ప్రతి మీదగ్గరే వుంటుంది, తయారైన పేజీలు మాత్రం వెబ్‌కి వెళ్తాయి. పాటల పెద్దమనిషికి నేను సూచించింది యీ మూడోదే. రోజూ మార్చవలసిన సరుకు కాదు గదా పాటలంటే!

తెలుగు రాసేవాళ్ళు మరో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, అక్షరాలు యూనికోడులో వుండాలి. అచ్చుపని కోసం పాత ఫాంట్లలో టైపు చేయించినదాన్ని తెచ్చి అతికిస్తే తెరమీద పిచ్చిగీతలు కనిపిస్తాయి. రెండోది, వరసల మధ్య ఎడం. తయారుగా దొరికే నమూనాలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కొలతతో చేసినవి. ఇంగ్లీషుకు వత్తులు లేవు. మనకో, పైన గుడి, కింద వత్తు! పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిమీద కూర్చుంటే చదివేవారి కళ్ళు నొప్పిపుడతాయి. అంచేత ఎడం పెంచుకునే వీలున్న నమూనానే తీసుకోండి. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" అని మూడు మాటలు టైపు చేసి, సెల్‌ఫోనులో కూడా సరిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఫాంట్లకు కరువు లేదు; మండలి, రామభద్ర, సురవరం వంటివి గూగుల్‌వారి ఫాంట్లలో ఉచితంగానే దొరుకుతున్నాయి.

డబ్బిచ్చి తీసుకునే సేవ అయితే మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకండి. రెండో ఏడాదికి ఎంతో అడగండి. డబ్బు కట్టకముందే ఒక సాయంకాలం కేటాయించి చిన్న పరీక్ష చెయ్యండి. ఒక్క పేజీ కట్టండి. దాన్ని బయటికి తీసి మీ కంప్యూటరులో దాచండి. ఇంటర్నెట్టు ఆపేసి తెరవండి. మీ మాటలు మీకు కనిపించాయా, ఆ సాఫ్ట్‌వేరు మంచిదే. కనిపించలేదా, అది ఎంత సులువైనదైనా సరే, దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.