పందెం మీది... ప్రాణం ఎవరిది?

సాయంత్రం ఆరయ్యేసరికి మా కె.కోటపాడు నుంచి చోడవరం వెళ్లే రోడ్డు మీద సందడి మొదలవుతుంది. పొలాల నుంచి ఇళ్లకు మళ్లే పశువులు, చెరకు ట్రాక్టర్లు, ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లలు, సైకిళ్ల మీద కూలివాళ్లు... వీళ్లందరి మధ్య నుంచి చెవులు పగిలే మోతతో మూడు బైకులు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంటే "ఎవరి గుంటలో గాని, ఏం పోయేకాలమో!" అని నేనూ అందరిలాగే తిట్టుకున్నదాన్నే. ఆ మూడింట్లో ఒకటి మా బండేనని తెలిసేదాకా!

మావాడు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేడేళ్లు. "పాల ప్యాకెట్ తెస్తానమ్మా" అంటే తాళం చేతికిచ్చింది నేనే. లైసెన్సు లేదని తెలుసు. అయినా ఊళ్లోనేగా, ఎవరడుగుతారులే అనుకున్నాను. వాడు బండి మీద వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూసి మురిసిపోయాను కూడా. దాచడమెందుకు?

ఆ రోజు పందెం అయిదొందల రూపాయలు. మలుపు దాటి మర్రిచెట్టు దగ్గరికి ఎవరు ముందు చేరితే వారిదే డబ్బు. ఆ మలుపులోనే, పని ముగించుకుని సైకిల్ మీద వస్తున్న ఒక కూలి మనిషిని మావాడు గుద్దేశాడు. వీడికి మోచేతులు చీరుకుపోయాయి. ఆయనకు తొడ ఎముక విరిగింది.

విశాఖపట్నంలో ఆస్పత్రి వరండాలో ఆయన భార్యని చూశాను. తిడుతుందేమో, కొడుతుందేమో అని భయపడ్డాను. ఆమె ఒక్క మాటే అడిగింది. "మాయింటాయన ఏ పందెం కాసినాడమ్మా?"

ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

చట్టం ఎప్పుడో ఉంది

రోడ్ల మీద బైకు పందేలను నిషేధించాలని అందరం అంటూంటాం. నిషేధం ఎప్పుడో ఉందని నాకు కేసు అయ్యాకే తెలిసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు కాయడం నేరం. మొదట్లో నెల రోజుల జైలు లేదా 500 రూపాయల జరిమానా ఉండేది. 2019 సవరణతో మూడు నెలల జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా అయింది. రెండోసారి దొరికితే ఏడాది జైలు, 10,000.

తల్లిదండ్రులకు ఇంకో సంగతి చెప్పాలి. మైనరు నేరం చేస్తే పెంచే పెద్దలకు, బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. లైసెన్సు లేనివాడు గుద్దితే బీమా కంపెనీ కట్టిన పరిహారాన్ని తిరిగి మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. అప్పుడు అయిదొందల పందెం ఎన్ని లక్షలవుతుందో లెక్క వేసుకోండి!

సరదాలే వద్దంటారా?

"పిల్లలన్నాక సరదా ఉండదా?" అని మా మరిది అన్నాడు. ఉంటుంది. మా ప్రాంతంలో తీర్థాలకు ఎడ్ల పందేలు, గుర్రపు పందేలు జరుగుతాయి. ఫలానా రోజు, ఫలానా చోట అని ఊరందరికీ తెలుసు. రోడ్డు మీద పందేనికి చాటింపు లేదు. ఎదురొచ్చేవాళ్లకు అది పందెమనే తెలీదు.

రోడ్డు మూసేసి జరిపినా ప్రమాదం తప్పదు. బ్రిటన్ దగ్గర ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిలో 1907 నుంచి బైకు పందేలు జరుగుతున్నాయి. ఊళ్ల మధ్య నుంచి సుమారు 60 కిలోమీటర్ల చుట్టు. ఇన్నేళ్లలో అక్కడ 260 మందికి పైగా చనిపోయారు. 2022లో ఒకే బండి మీద పోటీ చేసిన తండ్రీకొడుకులిద్దరూ పోయారు. వాళ్లు పెద్దవాళ్లు, తెలిసి దిగారు అనుకుందాం. మరి 2023లో చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద చనిపోయిన బెంగళూరు కుర్రాడికి పదమూడేళ్లే!

అందుకే నా మట్టుకు నేననేది ఇదీ: పందేలు ట్రాకుల మీదే జరగాలి, అదీ వయసు వచ్చినవాళ్లకే. నలుగురూ నడిచే రోడ్డు మీద మాత్రం ఏ పేరుతోనూ వద్దు. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. రోడ్డు దాటే ముసలమ్మని చూసి బ్రేకు నొక్కేలోపే బండి ఆమె మీదికి వచ్చేస్తుంది.

డబ్బున్న ఇల్లయినా, లేని ఇల్లయినా కడుపుకోత ఒకటే. 2011లో క్రికెటర్ అజారుద్దీన్ గారి పంతొమ్మిదేళ్ల కొడుకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదానికి గురై కన్నుమూశాడు. వెనక కూర్చున్న బంధువుల పిల్లవాడూ దక్కలేదు.

అమ్మలూ, గమనించండి

* పద్దెనిమిది నిండి, లైసెన్సు చేతికొచ్చేదాకా తాళం ఇవ్వకండి. "పక్కింటి అబ్బాయి నడపట్లేదా" అంటే కరిగిపోకండి.
* సైలెన్సర్ మార్చినా, అద్దాలు తీసేసినా, నంబరు ప్లేటు వంచినా ఎందుకని నిలదీయండి.
* వాడి స్నేహితుల అమ్మలతో మాట్లాడండి. ఒక ఇల్లు తాళం దాచి, ఇంకో ఇల్లు ఇస్తే లాభం లేదు.

ఆ కూలి మనిషి ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. వైద్యం ఖర్చు, కూలి డబ్బులు మేమే ఇచ్చాం. నా గాజులు పోయాయి, పోతే పోయాయి. ఆ ఆరు నెలలూ ప్రతి ఆదివారం మావాణ్ణి నడిపించుకుంటూ వాళ్లింటికి తీసుకెళ్లాను. మొదటిసారి గుమ్మంలోనే తలవంచుకుని నిలబడిపోయాడు. ఆరో వారమో, ఏడో వారమో... ఆయన లేస్తుంటే తనే వెళ్లి భుజం పట్టాడు.

బండి తాళం ఇప్పుడు నా కొంగుముడిలో ఉంటోంది. మరి మీ ఇంట్లో ఎక్కడుంది?